పరిశీలనలో ఉన్న ఇల్లు

1వ రోజు

అద్దెకుండేవాళ్ళకి ఇచ్చిన ఈ పరిశీలన పుస్తకంలో నిజాలే రాయాలట. అభిప్రాయాలు రాయకూడదని అట్ట మీదే అచ్చు వేశారు. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో రాళ్ళ గురించి పాఠం చెబుతున్నదాన్ని. ఒక రాయి వయసు చెప్పేటప్పుడు కూడా "సుమారు" అనకుండా ఉండలేను. నాలాంటి మనిషి చేతికి ఇచ్చారు దీన్ని. సరే, ప్రయత్నిస్తాను.

ఈ ఉదయం నివాసాల ఆఫీసు నుంచి సింహాద్రిరావుగారనే ఇన్‌స్పెక్టరు వచ్చి ఇంట్లో రెండు గదుల్లోనూ, నడవలోనూ కొబ్బరికాయంత డబ్బా ఒక్కొక్కటి బిగించారు. పచ్చదీపం వెలుగుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. పసుపు వెలిగితే తప్పు జరిగినట్టు. అప్పుడు దాని కింద నుంచి చీటీ వస్తుంది. మనుషుల్ని చూస్తుంది, మాటలు వింటుంది, ఎవరైనా నొచ్చుకుంటే కూడా పసిగడుతుందట. మా కాలేజీలో ఏ ప్రిన్సిపాలుకీ చేతకాని పని అది.

ఇల్లు అప్పలనరసమ్మగారిది. ముందు గదిలో ఆవిడ ఉంటుంది, వెనక గదిలో నేను ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాను. బయట ఎండకి మనుషులు నిలవలేని కాలం వచ్చినప్పుడు కొండని తొలిచి లోపలికి చేరిన మొదటివాళ్ళలో ఆవిడ నాన్న ఒకరు. ఈ రెండు గదులూ ఒక్కడే పదకొండేళ్ళు తవ్వాడట. ఆలస్యంగా వచ్చిన నాలాంటివాళ్ళందరం తవ్వినవాళ్ళ దగ్గర అద్దెకుంటాం.

"ఇంటి కాగితాలున్నాయామ్మా?" అని అడిగారు సింహాద్రిరావుగారు.

"కాయితాలేటి బాబూ? మా నాయన గునపంతో తవ్వినాడు. గునపం ఉంది, సూత్తావా?"

ఆయన రాసుకున్నారు: కాగితాలు లేవు, నడవడిక బట్టి నిర్ణయం.

"ఇంతకీ మీదే ఊరు బాబూ? మీరేటోళ్ళు?" అంది ఆవిడ.

కులం అడిగేసరికి ఆయన గబుక్కున డబ్బా వంక చూశారు. పచ్చదీపం అలాగే ఉంది. "నన్నడిగితే పరవాలేదమ్మా. అద్దెకుండేవాళ్ళని అడిగి, వాళ్ళు నొచ్చుకుంటే తప్పు," అన్నారు.

తర్వాత నిబంధనలు చెప్పారు. ఇకమీదట గది అద్దెకివ్వాలంటే ఓనరుకి లైసెన్సుండాలి. దానికి తొంభై రోజుల పరిశీలన. చిన్న తప్పు జరిగితే మరో ముప్పై రోజులు పొడిగిస్తారు. పెద్ద తప్పు ఒక్కటి జరిగినా లైసెన్సు రాదు, ఇంటికి సీలు వేస్తారు.

"మరి ఇంట్లో ఉన్నవాళ్ళ సంగతి?" అన్నాను.

"వాళ్ళ రక్షణ కోసమే కదండీ ఈ చట్టం! వాళ్ళని భద్రంగా కింది మెట్టు హాల్లోకి చేరుస్తాం."

కొండలోకి వచ్చిన కొత్తలో ఆ హాల్లో ఏడు నెలలున్నాను. నలభై మంచాలు, రెండు కుళాయిలు. పాత చీర ఒకటి అడ్డంగా కట్టుకుని దాన్ని గోడ అనుకునేదాన్ని. చీర అవతల ఎవరో ఒకరు దగ్గుతూనే ఉండేవారు. నాకీ గది పోకూడదు. ఇది నిజమో అభిప్రాయమో తేల్చుకోలేక రాసేస్తున్నాను.

4వ రోజు

గాలి మోటరు స్విచ్చు నడవలో, నిచ్చెన ఎక్కితే గానీ అందని ఎత్తులో ఉంది. పొద్దున ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి పది అని ఆవిడ పెట్టిన టైములు. నేను తలుపు కాస్త గట్టిగా వేసిన రోజున ఎనిమిదిన్నరకే కట్టేసేది. ఇప్పుడు డబ్బా భయానికి ఇరవై నాలుగు గంటలూ తిరుగుతోంది. మూడు రోజులుగా ఇద్దరికీ జలుబు.

ఆవిడ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగడం లేదు. ఆలస్యమైందేం, కూడా వచ్చినావిడెవరు, జీతం పెరిగిందా, నలభై దాటినా పెళ్ళి మాట ఎత్తవేం అని ఆరేళ్ళుగా ప్రాణం తీసేది. ఇప్పుడు నేను తలుపు తీయగానే గోడవైపు తిరిగి నిలబడుతోంది. "ఏం కూర?" అని అడిగే మనిషి లేకపోయేసరికి రెండు రోజులుగా నేను కూర వండలేదు. అద్దెదారుల స్వేచ్ఛ ఇలా ఉంటుందని ఊహించలేదు.

సాయంత్రం నిబంధనల పుస్తకం పట్టుకుని గుమ్మం బయటే నిలబడింది.

"అచ్చరాలు సీమల్లాగున్నాయి మేడమ్మా. సదివి సెప్పు. ఓనరు ఎలగుండాలో నాకు నేర్పు."

"నేనా? అద్దెకుండేదాన్ని నేను."

"అందుకే. నీకు తెలీకపోతే ఎవులికి తెలుత్తాది?"

9వ రోజు

రోజూ కాలేజీ నుంచి వచ్చాక అరగంట పాఠం. ఇవాళ చదవడం ఆపి ఆడి చూద్దామన్నాను.

"మీరు ఓనరు, నేను అద్దెకు దిగినదాన్ని. మొదలుపెట్టండి పిన్నిగారూ."

"ఏ ఊరు తల్లీ మీది?"

"అడక్కూడదు."

"ఒక్కర్తివేనా? మగదిక్కెవులైనా ఉన్నారా?"

"అసలు అడక్కూడదు."

"మరేటడగాల?"

"మీకేమైనా ఇబ్బందులున్నాయా అనడగాలి."

"ఉన్నాయంటేనో?"

"తీర్చాలి."

"ఇబ్బందులు తీర్సీదాన్నయితే నాకు కోవెల కట్టీసి కొబ్బరికాయలు కొట్టుదురు. ఈ గదులెందుకు?"

లాభం లేదని తారుమారు చేశాను. నేను ఓనరు, ఆవిడ అద్దెమనిషి. గుమ్మం బయట నిలబడి, "లోపలికి రావచ్చాండీ? మీకేమైనా ఇబ్బందులున్నాయా?" అన్నాను.

ఆవిడ మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"ఒకటా రెండా? ఆ మూల సెమ్మ దిగతంది. మోటరు గుర్రుమంటంది. పక్కింటోళ్ళ ఎండుసేపల కంపంతా నా గదిలోకే వత్తంది. మోకాలు సూడు, ఎలగ వాసిందో. ఇన్నాళ్ళూ ఏటి సేత్తన్నావమ్మా నువ్వు, ఓనరునని సెప్పుకోడానికి సిగ్గులేదూ?"

నిజంగానే భయపడ్డాను. క్షమించండి, చూస్తాను అన్నాను. ఆరేళ్ళలో నేను ఆవిడతో చేసిన ఫిర్యాదులు లెక్కపెట్టుకుంటే ఒకటి తేలింది. అదీ, "ఇప్పుడే అక్కర్లేదులెండి" అని ముగించాను.

"ఇది బాగుంది మేడమ్మా," అంది ఆవిడ, ముఖం వెలిగిపోతూ. "రేపూ ఇలగే ఆడదాం."

20వ రోజు

ఆట రోజూ నడుస్తోంది. ఓనరు ఎలా ఉండాలో ఆవిడ నేర్చుకుంటోందో లేదో చెప్పలేను గానీ, అద్దెమనిషిగా మాత్రం ఆరితేరింది. చెమ్మ దిగుతున్న మూలని సున్నం వేసి నేనే పూడ్చాను, ఆ రాయి సంగతి నాకు తెలుసు కనక. మోకాలు నొప్పితో నిచ్చెన ఎక్కలేకపోతోందని మోటరు స్విచ్చు కూడా నేనే చూస్తున్నాను. పాత టైములే పెట్టాను. జలుబులు తగ్గాయి.

ఓనరు అద్దెమనిషి గదిలోకి రావాలంటే ఒక రోజు ముందు రాతలో తెలపాలని నిబంధన. ఆవిడ చెప్పింది, నేను రాశాను: "రేపు సాయంత్రం ఐదింటికి మీ గదిలో ఉన్న నా రోలు తీసుకోవడానికి రావచ్చునా? మీరు ఒప్పుకుంటేనే వస్తాను." ఆవిడ వేలిముద్ర వేసింది. కింద "ఒప్పుకున్నాను" అని నేను సంతకం చేశాను. నాకు వచ్చిన నోటీసు నా చేతిరాతలోనే ఉండటం కాస్త వింతగా తోచింది. డబ్బాకి తోచలేదు, పచ్చగానే ఉంది.

34వ రోజు

నిన్న ఆవిడ కంద బచ్చలి వండింది. ఒక గిన్నె నా గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, నేను తీసేలోపు తప్పుకుంది. నాలుగు వారాల తర్వాత తిన్న మంచి కూర. ఆవ ఘాటుకి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆవకే వచ్చాయని అనుకుంటున్నాను.

ఇవాళ గిన్నె కడిగి తిరిగి ఇచ్చాను. ఖాళీ గిన్నె ఎలా ఇస్తాం? మూడు చెంచాల పంచదార వేసి ఇచ్చాను. ఆలోచించి చేసిన పని కాదు. మా అమ్మ చేసేది, ఆవిడ అమ్మా చేసేది. గిన్నె చేతులు మారీ మారకముందే పసుపు దీపం వెలిగింది. చీటీ వచ్చింది: "వస్తురూపంలో అద్దె ఇచ్చిపుచ్చుకోవడం. చిన్న తప్పు. పరిశీలన ముప్పై రోజులు పొడిగింపు."

"పంచదారకా?" అంది ఆవిడ.

"పంచదారకే."

"నువ్వు సదూకున్నదానివి. కాళీ గిన్నె ఇవ్వాలని నీకు తెల్దా?"

"మీరు తీసుకునేవారా?"

ఆలోచించింది. "తీసుకుని నాలుగు మాటలందును," అంది.

38వ రోజు

తప్పు నమోదయిందని సింహాద్రిరావుగారు వచ్చారు. టీ ఇచ్చాను. ఆయన ఓనరు కాదు గనక టీ తప్పు కాదు. ఆవిడ లైసెన్సు రావడానికి నేనింకా ఏం చేయాలో చెప్పమన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు.

"ఆవిడకి లైసెన్సు వస్తే మీకేమవుతుందో తెలుసాండీ?"

"నా గది నాకుంటుంది."

"లైసెన్సు వచ్చిన ఇల్లు, గదుల కోసం కాచుకున్నవాళ్ళ వరస పట్టీ కిందికి వస్తుంది. ఏడు రోజుల్లో అద్దెగది పట్టీలో ముందున్నవాళ్ళకి వెళ్తుంది. మీ పేరు పట్టీలో ఉందా?"

"లేదు. నాకు గదుంది కదా."

"గదున్నవాళ్ళ పేరు పట్టీలో రాయరు."

"గది పోయాక?"

"అప్పుడు రాస్తారు. చివర్న. ముందు పదకొండు వేలమంది ఉన్నారు."

లైసెన్సు రాకపోతే హాలు. వస్తే కూడా హాలే. ఒకటికి రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పారు.

"మరి మీరెక్కడుంటారు?" అన్నాను.

"అద్దెకే. నాలుగేళ్ళుగా మా ఓనరు పరిశీలనలోనే ఉన్నాడు. పరిశీలనలో ఉన్న ఇంట్లోంచి ఎవరినీ కదిలించకూడదు, అదీ చట్టమే." టీ అడుగుదాకా తాగి డబ్బాకి వీపు పెట్టారు. "మా ఓనరు మంచివాడేనండీ. నెలకోసారి మాత్రం ఎందుకో నా మీద అరుస్తాడు."

63వ రోజు

ఆవిడకి పట్టీ సంగతి చెప్పలేదు. ఇరవై ఐదు రోజులుగా చెబుదామనే అనుకుంటున్నాను.

ఇవాళ ఆవిడ మళ్ళీ కూర పంపించింది. నేను గిన్నె కడిగాను. తుడిచాను. కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పంచదార వేశాను. పసుపు వెలిగింది, ముప్పై రోజులు పెరిగాయి. ఈసారి అలవాటుతో వేశానా, తెలిసి వేశానా అన్నది రాయడానికి పుస్తకంలో గడి లేదు. ఉద్దేశాలు నిజాల కిందికి రావట.

చీటీ చూసి ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "నా తప్పే. నీకు కూరెందుకు పంపాల?" అంది. మంచం కింది నుంచి రేకుపెట్టె లాగి, అందులో అడుగున పరిచిన ఎర్రగుడ్డ చూపించింది. లైసెన్సు వస్తే అందులో చుట్టి పెట్టడానికట.

"మా నాయన సచ్చిపోయిన్నాడు మునిసిపాలిటీవోడొచ్చి ఏటన్నాడో తెలుసా? ఈ ఇంటికి కాయితం నేదు, ఇది కొండలో కంత, ఇల్లు కాదన్నాడు. అప్పటినుంచీ సూత్తన్నాను మేడమ్మా. ఒక్క కాయితం మీద ఇది అప్పలనరసమ్మ ఇల్లు అని ఉండాల. అంతే. దానికోసమే నోరు కట్టుకున్నాను."

నాకు అన్నం సయించలేదు. ఇదీ నిజమే, రాయొచ్చు.

71వ రోజు

చెప్పేశాను. పట్టీ సంగతీ, రెండో గిన్నె సంగతీ.

ఆవిడ మోకాలు రుద్దుకుంటూ వింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"నాకు కాయితం కావాల. నీకు గది కావాల. రెండూ ఒకేపాలి కుదరవా?"

"చట్టంలో లేదు."

"ఆ సట్టం రాసినోడికి గదుందా?"

"ఉండే ఉంటుంది."

"మరే. అదీ సంగతి."

తర్వాత నేనే అన్నాను, ఇక పంచదార వేయనని. మిగిలిన రోజులు సవ్యంగా గడిస్తే లైసెన్సు వస్తుంది, నేను హాల్లో మంచం చూసుకుంటానని. చెప్పేటప్పుడు గొంతు గట్టిగానే ఉంది. త్యాగం చేస్తున్నానా, చేసిన పనికి సిగ్గుపడి పారిపోతున్నానా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు.

"ఓనరు మాట్లాడినట్టే మాట్లాడినావు," అంది ఆవిడ. అది మెప్పో దెప్పో అడగలేదు.

150వ రోజు

ఆ మాట ఇచ్చాక డెబ్భై తొమ్మిది రోజులు ఒక్క పసుపు దీపం లేదు. పాఠాలు ఆపలేదు. కూరలు ఆగిపోయాయి.

ఇవాళ ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. ఆవిడ పెళ్ళినాటి చీర కట్టుకుంది. ఈ పుస్తకాన్ని కిటికీలోంచి లోపలికి తీసుకున్నారు. విప్పలేదు. దళసరి చూసి, ముద్ర కొట్టి, తిరిగి ఇచ్చేశారు. తర్వాత లైసెన్సు వచ్చింది. ఆవిడ రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుని, "సదువు మేడమ్మా, గట్టిగా సదువు" అంది.

చదవడానికి నోరు తెరిచాను. రెండుసార్లు కళ్ళతోనే చదువుకున్నాను.

యజమాని: సుభాషిణి. అద్దెదారు: అప్పలనరసమ్మ.

సుభాషిణి అంటే నేను.

పొరపాటు జరిగిందని కిటికీలోకి అరిచాను. లోపలి నుంచి సింహాద్రిరావుగారు వచ్చి యంత్రం ఇచ్చిన నివేదిక చూపించారు. పొరపాటేమీ లేదట. కాగితాలు లేని ఇళ్ళకి నడవడికే ఆధారం. "మీకేమైనా ఇబ్బందులున్నాయా" అని నేను ఆవిడని నూట ఇరవై ఎనిమిది సార్లు అడిగాను. ఆవిడ చెప్పుకుంది. మూల పూడ్చింది నేను. మోటరు స్విచ్చు నా చేతిలో ఉంది. నా గదిలోకి రావడానికి ఆవిడ రాతలో అనుమతి అడిగింది, నేను ఇచ్చాను. రెండుసార్లు వస్తురూపంలో అద్దె చెల్లించింది కూడా ఆవిడే. కంద బచ్చలి ఒకసారి, గుమ్మడికాయ పులుసు ఒకసారి.

"మీరు ఆదర్శ యజమాని అని రాసిందండీ," అన్నారాయన, కళ్ళు దించుకుని. "ఇంత మంచి నివేదిక నేను చూడలేదు."

"అప్పీలు?"

"రెండేళ్ళు. ఈలోగా అద్దెగది పట్టీలోకి వెళ్తుంది. ఏడు రోజుల్లో ఆవిడ ఖాళీ చేయాలి."

"నా గదిలో ఉంచుకుంటాను."

"ఖాళీ చేయించిన మనిషిని దాచడం పెద్ద తప్పు. ఇద్దరికీ హాలే." చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఏడు రోజుల్లో మీ మీద ఒక్క చిన్న తప్పు నమోదైతే లైసెన్సు మళ్ళీ పరిశీలనలోకి వెళ్తుంది. అప్పుడు ఎవరినీ కదిలించరు. నేను చెప్పానని రాయకండి."

రాశాను. లైసెన్సుదారుల పుస్తకం ఇక ఎవరూ అడగరట. ఇప్పుడు నేను అభిప్రాయాలు కూడా రాసుకోవచ్చు. తీరా చూస్తే నాకేమీ మిగల్లేదు.

దారిలో ఆవిడ ఒక్కటే అడిగింది. "మా నాయన పేరు ఎక్కడైనా ఉందా?"

"లేదు పిన్నిగారూ."

కాగితాన్ని నా చేతిలో పెట్టింది. ఎర్రగుడ్డ బయటికి తీయలేదు.

లైసెన్సు వచ్చిన 4వ రోజు

తప్పు చేయడం ఇంత కష్టమని నాకు తెలియదు.

మొదట గిన్నెలు మార్చుకున్నాం. పచ్చదీపం. లైసెన్సున్న ఓనరు అద్దెని ఏ రూపంలోనైనా పుచ్చుకోవచ్చట.

మోటరు వేళ కాని వేళ కట్టేశాను. "మంచి పని సేసినావు, సలికి సత్తన్నాను," అంది ఆవిడ దుప్పటిలోంచి. పచ్చదీపం.

చెప్పాపెట్టకుండా గదిలోకి జొరబడ్డాను. "రా రా, కూకో. టీ పెడతాను," అంది. పచ్చదీపం. పిలిచి కూర్చోబెట్టే మనిషి ఇంట్లోకి జొరబడటం ఎవరి తరం?

ఇవాళ గుండె గట్టి చేసుకుని అడిగాను. "మీరేటోళ్ళు పిన్నిగారూ?" సంబరపడిపోయింది. ఇంటిపేరుతో మొదలుపెట్టి ఏడు తరాలు, మూడు ఊళ్ళు, ఒక లేచిపోయిన మేనత్త. ముప్పావుగంట చెప్పింది. నాకు తెలియని మేనత్త కథ తెలిసింది గానీ దీపం మారలేదు.

"మీరు నొచ్చుకోవాలి పిన్నిగారూ! లేకపోతే దానికి తెలియదు."

"నీ మాటకి నాకు నొప్పేటి?"

"పోనీ నొచ్చుకున్నట్టు నటించండి."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఓలమ్మో ఓలమ్మో అంది. మధ్యలో నవ్వొచ్చేసింది. నాకూ వచ్చింది. డబ్బా ఇద్దరినీ చూస్తూ పచ్చగా ఉండిపోయింది. నవ్వు ఆగాక ఆవిడ గోడని అరచేత్తో తడిమింది. గునపం గాట్లు ఇంకా కనబడతాయి అక్కడ. "ఇంక మూడు రోజులు," అంది.

లైసెన్సు వచ్చిన 7వ రోజు

సాయంత్రం నాలుగింటికి పైడమ్మ వచ్చింది. పట్టీలో మొదటి పేరు ఆమెది. ముప్పై ఐదేళ్ళుంటాయి, పుట్టగొడుగుల మడుల్లో పని. నెత్తిన కుట్టుమిషను, చంకలో మడతమంచం.

"ఈ గదేనాండీ?"

అప్పలనరసమ్మగారు రేకుపెట్టె పక్కన పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. పైడమ్మ ఆవిణ్ణి చూసింది, పెట్టెని చూసింది.

"ఈరింకా ఎల్లలేదా?"

"పొద్దు గూకేదాకా టైముంది," అన్నాను. ఆ గొంతులో నేను కావాలనే కాస్త జాలి కలిపాను. ఆమె కరిగి వెనక్కి వెళ్తుందేమోనని ఆశ. ఇది నిజం.

పైడమ్మకి అర్థమైంది. నెత్తిన బరువుతోనే నిటారుగా నిలబడింది. "తొమ్మిదేళ్ళు ఆ హాల్లో ఉన్నానండీ. నా మంచం కుళాయి పక్కది. తొమ్మిదేళ్ళూ నా దుప్పటి తడే. మీ ఇద్దరి కట్టం నాకు తెల్దు గానీ, ఎనక్కెల్లమంటే మాత్రం ఎల్లను."

నాలుగు నెలలుగా పదకొండు వేలమంది అని ఒక అంకె నా తలలో తిరుగుతోంది. ఆ అంకెకి మెడ ఉంటుందని, ఆ మెడ మీద నరాలు ఉబ్బి ఉంటాయని నేను అనుకోలేదు.

జవాబు చెప్పింది అప్పలనరసమ్మగారు.

"ఎల్లమని నిన్నెవులన్నారే? ముందు ఆ మిషను దించు, మెడ పడిపోద్ది. మేడమ్మా, సూత్తావేటి, ఒక సెయ్యి ఎయ్యి!"

ఇద్దరం కలిసి దించాం. పైడమ్మ మడతమంచం విప్పబోయింది.

"తలుపుకడ్డంగా కాదు. ఈ గోడకెయ్యి. నాది అటు జరుపుతాను. నానున్నది ఇంకో రెండు గంటలే గానీ, అందాకా నిలబడే ఉంటావా?"

మంచం విప్పి నేలకి ఆనించీ ఆనించకముందే పసుపు వెలిగింది. నాలుగు రోజులు నేను మొత్తుకున్నా కదలని దీపం. చీటీ చించి చదివాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివాను. "ఒక అద్దెగదిలో ఇద్దరు అద్దెదారులకు రెండు పడకలు. చిన్న తప్పు. బాధ్యత: యజమాని సుభాషిణి. లైసెన్సు ముప్పై రోజులు పరిశీలనలో ఉంచడమైనది. ఈలోగా ఇంట్లోని వారెవరినీ కదిలించరాదు."

ఆ నిబంధన నూట పన్నెండో పేజీలో ఉంది. ఆవిడకి చదివి వినిపించేటప్పుడు ఆ పేజీ నేను దాటవేశాను, బొత్తిగా చిన్న విషయం కదా అని.

"అంటే ఏటి?" అన్నారు ఇద్దరూ.

"ముప్పై రోజులు మీరిద్దరూ ఇక్కడే ఉండాలి."

"ఆ తరవాత?" అంది అప్పలనరసమ్మగారు.

"నేను ఇంకో తప్పు చేయాలి."

"అది నువ్వు సూసుకో," అని ఆవిడ మంచం మీద కాళ్ళు బారజాపింది. "ఓనరువి నువ్వు."

పైడమ్మ మిషనుని మూలకి జరిపి చక్రం తిప్పి చూసింది. మిషను కాలొకటి గాలిలో లేచి టకటకమని కొట్టుకుంది. మళ్ళీ జరిపింది, మళ్ళీ కొట్టుకుంది.

"నేల ఎత్తుపల్లంగా ఉంది. మిషను ఊగుతంది. ఎవులికి సెప్పుకోవాలండీ?"

అప్పలనరసమ్మగారు కళ్ళు మూసుకునే నా వైపు వేలు చూపించింది.

"ఇప్పుడే అక్కర్లేదులెండి," అంది పైడమ్మ గబగబా, నా ముఖం చూసి. "మీకు కుదిరినప్పుడే సూడండి. కుదరకపోయినా పరవాలేదు, సద్దుకుంటాను."

ఆ గొంతు నాకు తెలుసు. ఆరేళ్ళు దాంతోనే మాట్లాడాను.

మోకాళ్ళ మీద కూర్చుని ఎటు పల్లంగా ఉందో చేత్తో తడిమి చూశాను. మిషను కాలి కింద ఒక వేలు మందం కావాలి. నడవలో చెక్కముక్క ఏదైనా దొరుకుతుందేమోనని లేచాను.